ఆ మంచి నెల

ఎర్రగుంట్లలో నాపరాయిని కంటితో నమ్మరు.
సమ్మెటతో ఒకసారి తట్టి
చెవి వంచుతారు.
కంచు మాదిరి మోగితే బండ మంచిది.
ముద్దగా పలికితే
లోపల యాడో నెర్రె ఉన్నట్టు,
పైన ఎంత నున్నగున్నా.

మాయన ఖాసీం పీరాకు ఇరవై ఏండ్ల చెవి అది.
సొంత మోత మాత్రం ఆయనకు వినపళ్లే.
నాకూ వినపళ్లే.

వానలకు ముందు మంచం పట్టినాడు.
జ్వరం లేదు, దగ్గు లేదు.
గోడ తట్టు తిరిగి పండుకుంటే
పొద్దు గూకినా అదే పక్క.
సంగటి ముద్ద చేతిలోనే ఆరిపోయేది.
"మాబున్నీ, నేనుంటే మీకు బరువు"
అన్నాడొక మాపు,
లారీకెన్ని బండలెక్కినాయో చెప్పినట్టు,
గొంతు మారకుండా.
ఆ రాత్రి తలుపుకు అడ్డంగా
నా పక్కేసుకున్నా.

అత్త గాలి అన్నది, తాయెత్తు కట్టింది.
మేస్త్రీ సోమరితనమన్నాడు.
ఊరి డాక్టరు బలానికని రెండు సీసాలెక్కించినాడు.
మా అన్న మాత్రం, బాకీల దిగులన్నాడు.
బాకీ ఉండేది నిజమే.
అది యాడ పుట్టిందో
అప్పుడెవురూ అడగలే.

కడప పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
మా చెల్లెలి ఈడుది.
గుండె మీద గొట్టం పెట్టలే.
గొంతు గ్రంథికని రక్తం తీయించి,
ఊరికే అడగబట్టింది.
తిండి, బరువు, చావు మాట, కల్లు, సారాయి.
ఒక్కో ప్రశ్నా ఒక్కో తట్టు.
ఆనెక అడిగింది:
"దీనికి ముందెప్పుడైనా మరీ హుషారుగా ఉన్నాడా?"

నాకు నవ్వొచ్చింది.
ఎందుకుండడు మేడమ్, మాఘంలో!
అర్ధరాత్రి లేచి ఇల్లంతా సున్నం కొట్టినాడు.
గని లీజుకని ఎవరికో అడ్వాన్సిచ్చినాడు.
మేనల్లునికి మోటారు సైకిలు,
నాకు ప్రొద్దుటూరు గాజులు, నాలుగు.
మాట ముగియకముందే ఇంకో మాట,
బండల లారీ వాలులో దిగినట్టు.
పద్దెనిమిదేండ్ల కాపురంలో
నా పేరు అంత ముద్దుగా పిలిచింది ఆ నెలే.

"నిద్ర?"
రెండు గంటలు, మేడమ్.
ఐనా అలుపనేది లేదు.

గర్వంగానే చెప్పినా.
ఆమె పెన్ను ఆగింది.
అప్పుడు వినపడింది నాకు,
ముద్దగా.

వాళ్లింట్లో ఇంకెవరికైనా అంటే
ఆయనే తలెత్తినాడు.
చిన్నాయన ఒకాయన వారం రోజులు నిద్రపోకుండా
ఊరంతా అన్నం పెట్టి,
ఏడు నెలలకు పెన్నలో తేలినాడంట.
ఇంట్లో ఆ పేరెత్తరు. నాకూ చెప్పలే.

బైపోలార్ అన్నది.
ఒకే జబ్బుకు రెండు కొసలు.
కొంత రక్తంలోది, కొంత బతుకులోది,
ఎవరి తప్పూ కాదన్నది.
నేను గాజులు తడుముకున్నా.
అవి అప్పటికే అమ్మేసినా, ఐనా తడుముకున్నా.
మేడమ్, ఆయన నన్ను అట్ల పిలిచింది కూడా
జబ్బేనా?

కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది.
"ఏది ఎంతో విడదీసే పరీక్ష
ఇంకా రాలేదమ్మా."

మాత్ర రాయిచ్చింది. లిథియం.
నీళ్లు బాగా తాగాల, రక్తం చూపించుకుంటుండాల.
రాళ్లల్లో దొరికే ఉప్పంట అది.
నాలుగు నెలలకు మొదటిసారి
మాయన పెదవి కదిలింది:
"ఏ గనిలో?"

ఇప్పుడు పనికి పోతున్నాడు, సగం దినాలు.
నిన్న పప్పులో కారం ఎక్కువైందని
గట్టిగా నవ్వినాడు.
నా చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది.
మరీ గట్టిగా నవ్వినాడా?
చెవి వంచినా.
తలొంచుకొని తిన్నాడు. నీళ్లు తాగినాడు.
పండుకున్నాడు.

పిల్లోల్ల పాత నోటుబుక్కులో రాసుకున్నా:
తొమ్మిదిన్నర.