మూడో దర్వాజ

దేవరకొండ లైబ్రరీల దొరికిందా పుస్తకం.
అట్ట లేదు. పేరు లేదు. రాసినాయన పేరూ లేదు.
పదిహేడో పేజీ నుంచి సీదా యుద్ధమే.

సబ్‌స్టేషన్ల నాది రాత్రి డ్యూటీ.
ట్రాన్స్‌ఫార్మర్లు గుయ్యిమంటుంటే
కుర్చీల కాళ్లు ముడుచుకొని
నేను కోట లోపల ఉంటి.
మూడు నెలలకే సరిపోయే జొన్నలు, ఒక్కటే బాయి,
గోడ అవతల కండ్లు పోయినంత దూరం డేరాలు.
మొదటి దర్వాజ పోయింది. రెండోదీ పోయింది.
మూడో దర్వాజ మీద నూనె సలసల కాగుతున్నది.
నిచ్చెన ఆనింది, ఒకడు ఎక్కుతున్నడు,
పండ్ల నడుమ కత్తి,
ఫోను మోగింది.

"సారూ, చింతబాయి లైను పోయింది, నారు ఎండుతది."

బ్రేకరు ఎత్తి, లాగుబుక్కుల
రెండు నలభై అని రాసి నేనొచ్చేదాక
నిచ్చెన మీదోడు నిచ్చెన మీదనే ఉండె పాపం.

నాకన్న ముందు ఎవరో చదివిండ్రు.
అంచుల పొంటి సన్నటి పెన్సిలు రాత.
"ఈ గుర్రం నలభై ఒకటిలనే సచ్చింది కదా."
తిప్పి చూస్తే నిజమే. సచ్చింది. దాని కోసం నేను ఏడ్చిన గూడ.
తొంభై ఆరుల మళ్ల అదే గుర్రం, నొసట అదే తెల్లచుక్క,
సకిలించుకుంట కందకం దుంకుతున్నది.
"గిట్టల మేకు దిగితే తెల్లారే ఉరకదు. మూడు వారాలు."
"ముట్టడిల ఇన్ని ఏనుగులకు మేత ఎవడు తెచ్చిండు?"
"బాణం ఇక్కడ దిగితే ఊపిరి ఉండదు.
వీడు పేజిన్నర మాట్లాడిండు."

నాకు మండింది.
మాట్లాడితే నీదేం పోయింది?
పెండ్లాం పేరు, బాకీ ఉన్నోని పేరు,
బిడ్డకు కట్టాల్సిన కడియం సంగతి,
అన్నీ చెప్పుకోని పోనీయి.
నేనూ పెన్సిలు తీసి కింద గీకిన:
"యుద్ధం గురించి నీకేం ఎరుక?"

పుస్తకం ఇచ్చేసి, నెల ఆగి మళ్ల తెచ్చిన.
జవాబున్నది.
"యుద్ధం ఎరుక లేదు. గుర్రాలు ఎరుక.
లతీఫుద్దీన్, పశువుల దవాఖాన కంపౌండరు, రిటైరు."

ఆ ఆదివారం ఇద్దరం ఖిల్లా ఎక్కినం.
మోకాళ్ల నొప్పుల మనిషి, సంచిల సుతిలి ఉండ.
దర్వాజ ఎత్తు కొలుస్తడట.
"ఈ మెట్లు ఏ గుర్రం ఎక్కదు, రాసిస్త."
"పుస్తకంల గుర్రం ఎక్కుతది."
"పుస్తకంల గుర్రానికి కాళ్లుండవా?"
సీతాఫలం పొదలల్ల మేకలు మమ్ముల చూసి
తొవ్వ ఇచ్చి పక్కకు జరిగినయి.

మూడో దర్వాజ కాడ కూలబడ్డడు.
చివరి పేజీలు ఎవడో చింపుకపోయిండు గదా,
కోట నిలిచిందో పోయిందో
ఆయనకూ తెల్వదు, నాకూ తెల్వదు.
"నిచ్చెన చాలదు," అన్నడు సుతిలి చుట్టుకుంట.
"రెండు మూరలు తక్కువబడ్డది."
"అయితే మనమే గెలిచినం!"
నేను ఎగిరి అరిస్తే బురుజు అవతలికెల్లి
నా గొంతే మళ్ల వచ్చింది.

ఊపిరి అందుతలేదన్నడు. అని,
పేజిన్నర మాట్లాడిండు.
కొండమల్లేపల్లి టాంగా, దాన్ని గుంజే ఎర్రగుర్రం,
నౌకరిల చేరిన ఏడే, గిట్టల మేకు,
తను గుంజిన మేకు,
గుంజినంక గూడ లేవనిది.

"తొంభై ఆరుల అది లేస్తే
తప్పని రాసిన," అన్నడు.
"రాసి,
ఆ పేజీ ఇంకో రెండుసార్లు చదువుకున్న."