కొండ అనే మాట

రేణిగుంటలో రైలు దిగీ దిగకముందే
ఆటోవాడు అడిగాడు, "కొండకేనా మా?"
ఈ ఊళ్లో పెట్టె పట్టుకున్న ప్రతివాళ్లూ కొండకే.
కాదన్నా, జీవకోన, మా అత్తగారింటికి అన్నాను.
వెనక సీట్లో నిద్ర లేచి
తీర్సా ఫక్కున నవ్వింది.
దానికి ఆరేళ్లు. పుట్టింది మలావిలో,
పడమటి అంచున, మట్టిరోడ్డు ఆగిపోయే మిషన్ ఆసుపత్రిలో.
అక్కడి చెవా భాషలో
కొండ అంటే ప్రేమించడం.

నాకా మాట నేర్పింది నిఘంటువు కాదు.
మలేరియా వార్డులో మూడో మంచం, చిసోమో అనే ముసలామె.
నరం దొరక్క రెండోసారి సూది గుచ్చుతుంటే
నా మణికట్టు పట్టుకుని ఏదో పొడుగాటి మాట అంది.
దాని తోకలో నాకు తెలుగే వినబడింది.
గబుక్కున కిటికీలోంచి చూశాను,
ఎర్రబండలు, రాత్రి ఘాట్ రోడ్డు మీద పాకే దీపాలు
అక్కడ ఉంటాయేమోనని.
చదును నేల. కంటిచూపు ఆగేదాకా మొక్కజొన్న.

గిద్యోను కథ వేరు.
మొదటి ప్రసంగంలో ప్రేమ అనబోయి
యుద్ధం అన్నాడు.
ఆ భాషలో రెండింటికీ ఒక వత్తు, ఒక అచ్చు తేడా.
దేవుడు యుద్ధమని అరగంటసేపు
చెమటలు కక్కుతూ, చేతులు చాపి మరీ చెప్పాడు.
ఒక్కరూ నవ్వలేదు.
ఆఖర్న ఊరిపెద్ద లేచి,
"అది మాకు ముందే తెలుసయ్యా,
వచ్చేవారం ఇంకేదైనా చెప్పు" అన్నాడు.

వాళ్లు న్సీమా అంటారు, మన సంగటే.
రాగులు లేవు, అంతే.
తెడ్డు అదే, పొగ అదే, కెలికి కెలికి భుజం పీకడం అదే.
చెనిక్కాయల ఊరిబిండి నూరిన రోజు
పక్కింటివాళ్లు గిన్నెలతో వచ్చారు.
ఇవన్నీ ఉత్తరాల్లో రాశాను.
రెండుసార్లు పెట్టె సర్దుకున్న సంగతి రాయలేదు.

ఆదివారం ఇక్కడి చర్చిలో మాకు పది నిమిషాలిచ్చారు.
సెక్రటరీ ఓబద్యాగారు పెన్ను మూత తీసి,
"ఆరేళ్లలో ఎన్ని బాప్తిస్మాలు?
లెక్క చెప్పండమ్మా, కమిటీకి రాయాల."
గిద్యోను నావైపు చూశాడు.
నాకు గుర్తున్న లెక్క ఒకటే.
అతను సైకిలు మీద పక్కూరి కూటానికి పోయిన రాత్రి,
వాన, వంతెన మునిగింది,
తీర్సాకి నూట నాలుగు జ్వరం.
నర్సుని గదా, ప్రార్థన చేయలేదు,
దాని డొక్కలు చూస్తూ లెక్కపెట్టాను.
నిమిషానికి అరవై రెండు ఊపిర్లు.
తెల్లారి నలభై.
అది చెప్పాను.
ఆయన కాసేపు చూసి, ఏమీ రాయకుండా
పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం పక్కింటి మునెమ్మక్క
గుండుకి చందనం రాసుకుని
గోడ మీదుగా లడ్డు అందించింది.
నలభై ఏళ్లుగా ఆ గోడ మీద
ఇటు ప్రసాదం, అటు క్రిస్మస్ కేకు.
మా అత్త మరియరత్నం రెండు చేతులా తీసుకుంటుంది.
తింటుందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

తీర్సా గోడెక్కి
ఆ గుండుని అరచేత్తో నిమిరింది.
అక్కడ దాని బడిలో ఆడపిల్లలందరికీ ఇంతే.
"యాడికి పోయుంటివి?"
"కొండకు పాపా."
తీర్సా నావైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది,
చూశావా, ఈమెక్కూడా తెలుసు అన్నట్టు.
"మళ్లీ ఎప్పుడు పోతావు?"
"మనం అనుకుంటే అయ్యేదా?
పైనుంచి పిలుపు రావాల గదా తల్లీ."

లోపల గదిలో
తిరుగు ప్రయాణానికి మందుల పెట్టె సర్దుతున్న గిద్యోను
చప్పుడు ఆగింది.
మళ్లీ మొదలవడానికి కొంచెం సేపు పట్టింది.