ఇరవై నాలుగో గడి

బ్రెస్ట్ రేవులో వాన నిలువుగా పడదు,
అడ్డంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది.
ఆ అద్దం వెనక, మూడో అంతస్తులో,
ఆటుపోట్ల లెక్క రాసేదాన్ని నేను.

రోజుకొక వరస, వరసకి ఇరవై నాలుగు గళ్ళు.
గంటకొక గడి, గడికొక నీటిమట్టం.
సున్నా నుంచి ఎంచుతాం కాబట్టి
ఆఖరి గడి పేరు ఇరవై మూడు.

మేం రాసే భాష శుభ్రమైనది.
ఒకసారి పేరు పెట్టిన విలువ మళ్ళీ మాట మార్చదు.
అంకె అడిగిన చోట అక్షరం ఇస్తే
గుమ్మంలోనే ఆపేస్తుంది.
ఇంత ఎరిగిన టైపుకి
వరస పొడుగు మాత్రం తెలియదు.
అందుకే కంపైలర్
ప్రతి గడి ముందూ ఒక కాపలా పెడుతుంది:
"నీ నంబరెంత? వరస ఎంత?"
లోపలైతే సరే.
బయటైతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోవాలి,
మొహమాటం లేదు.

రాత్రికి నలభై కోట్ల సార్లు అదే ప్రశ్న.
నలభై కోట్ల సార్లు అదే జవాబు.
నాకు విసుగొచ్చింది.

ఒక్క ఫ్లాగ్. ఒక్క గీత, ఒక్క మాట.
కాపలాలన్నీ లేచి ఇంటికి వెళ్ళిపోయాయి.
నలభై ఒక్క నిమిషాల లెక్క
ముప్పై ఆరుకి దిగింది.
మరివోన్ తన కళ్ళద్దాల మీదుగా చూసి
"ఆ ఐదు నిమిషాలూ ఏం చేస్తావు ఎనోరా?" అంది.
కాఫీ తాగుతానన్నాను. తాగాను కూడా,
ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా.

అక్టోబరు ఆఖరి ఆదివారం.
తెల్లవారుజామున మూడు కొట్టగానే
దేశమంతా గడియారాన్ని వెనక్కి తిప్పి
రెండు చేసుకుంటుంది.
అది ఇరవై ఐదు గంటల రోజు.
నా వరసకా సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్క ఇరవై నాలుగో గడి దగ్గరికి నడిచింది.
అక్కడ గడి లేదు, మెమరీ ఉంది.
ఎవరిదో పక్కింటి సామాను.
తలుపు లేని ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళి
చేతికందింది పట్టుకొచ్చింది:
పదకొండు పాయింట్ నాలుగు.

పైలట్ త్యుగ్ద్యుయల్ ఫోన్ చేశాడు.
"అమ్మా, మీ యంత్రం పదకొండు మీటర్లంటోంది.
ఈ రేవు కట్టాక ఇక్కడ ఎవరూ చూడని నీళ్ళవి.
నా కొలతాడుకి బురద తగులుతోంది."
సిమెంటు ఓడ ఒకటి బయటే లంగరేసి
పగటి కోసం కాచుకుంది.
అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు.

నాకు నిద్ర పట్టనిది పదకొండు వల్ల కాదు.
పదకొండు అబద్ధమని అంధుడికైనా తెలుస్తుంది.
ఆ పక్కింటి సామాను
ఐదున్నర అయి ఉంటే?
ఐదున్నర నీళ్ళు ఇక్కడ రోజూ వస్తాయి.
త్యుగ్ద్యుయల్ ఫోన్ చేసేవాడు కాదు.
ఓడ లోపలికి వచ్చేది.

నిదానమే ప్రధానం అనే నోరే
ఆలస్యం అమృతం విషం అంటుంది.
రెండూ నిజమే.
ఏది ఎప్పుడు అన్నది మాత్రం
ఏ సామెతా చెప్పదు.

సోమవారం ఫ్లాగ్ తీసేశాను.
తర్వాత వారమంతా కూర్చుని
"ఫలానా నంబరు గడి తెమ్మని" అడిగే చోటల్లా
"వరస పొడవునా నడువు" అని తిరగరాశాను.
నడిచేవాడు నంబరు అడగడు.
అడగనివాడు హద్దు దాటడు.
కాపలా అక్కర్లేని చోట కాపలా లేకపోవడం,
అది వేరు. దానికి దొంగతనం అంటదు.

ఒక్కచోట కుదరలేదు.
ఈ గంట నీరు కిందటి గంట నీటిని చూసుకుంటుంది,
అక్కడ వెనక్కి వేలు పెట్టి ఎంచాల్సిందే.
రుజువు రాద్దామని రెండు రాత్రులు కూర్చున్నాను,
రాయలేకపోయాను.
ఆ ఒక్క గుమ్మం దగ్గర
కాపలాని ఉండనిచ్చాను.

ఇప్పుడు ముప్పై ఏడు నిమిషాలు.
మరివోన్ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది.
వాన ఇంకా అడ్డంగానే.
తెర మీద లెక్క నడుస్తోంది,
ప్రతి గంటకీ ఒకసారి వెనక్కి తిరిగి
లోపలే ఉన్నానా అని అడుగుతూ.