ఫారంలో లేని గడి

మొఖోట్లాంగ్ కొండల మీద
ఆగస్టు మంచు ఇంకా వదలని బడి.
చివరి బల్ల మీద నేను,
మెడలో స్టాప్‌వాచీ, ఒళ్ళో అట్టకు బిగించిన కాగితాలు.
నా ఉద్యోగమేమిటో చెబితే మా అమ్మమ్మ
దుప్పటి నోటికడ్డం పెట్టుకుని నవ్వింది:
"ఊరుకోవడాన్ని కొలిస్తే జీతమిస్తారా!"

ఇస్తారు. గుర్రం బాడుగ వేరే ఇస్తారు.
టీచరు ప్రశ్న అడిగి పెదవి మూయగానే మీట నొక్కాలి,
ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా ఆగాలి.
ఆ ఎవరో చాలాసార్లు టీచరే.

మాలినేఓ చెడ్డ టీచరు కాదు.
అరవై ముగ్గురు పిల్లలు,
రెండో పీరియడుకే బూడిదయ్యే పిడకల పొయ్యి,
జూన్‌లో అయిపోవలసిన పాఠం.
గదిలో మాట ఆగిందంటే
తనిఖీకి ఎవరో వచ్చినట్టు ఉలిక్కిపడుతుంది.
అడుగుతుంది, చెప్పేస్తుంది.
మొదటి రోజు నలభై ఒక్క ప్రశ్నలు.
ఒక చిటికె వేసి చూడండి,
ప్రశ్నకీ జవాబుకీ మధ్య అంతకన్నా తక్కువ.

సాయంత్రం కాగితం ఆమె వైపు తిప్పాను.
(తిప్పకూడదు. శిక్షణలో రెండుసార్లు చెప్పారు.)
వేలు పెట్టి చదివింది, మళ్ళీ చదివింది.
"ఇంతేనా నేను వాళ్ళకిచ్చింది?" అంది.

మర్నాడు అడిగింది:
వాగు నడుమ కాదు, ఒడ్డునే ముందెందుకు గడ్డకడుతుంది?
అడిగి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.
ముందు వరసలో మూడు చేతులు లేచాయి. చూడనట్టే ఉంది.
ఐదు. ఎవరో దగ్గారు.
ఎనిమిది. పొయ్యిలో ఏదో చిట్లింది.
ఆమె పెదవి పంటి కింద తెల్లబడింది.
పదకొండో సెకనుకి
గోడవార, దుప్పటికి పిన్నీసు పెట్టుకున్న మొఖేథి,
నిరుడు దాకా గొర్రెలు కాసి, పదమూడేళ్ళకు నాలుగో తరగతిలో కూర్చున్నవాడు,
అన్నాడు:
"ఆగిన నీళ్ళు చలికి దొరుకుతాయి.
నడుమ నీళ్ళకు పనుంది."

నా ఫారంలో గడులు మూడు:
ఒకటి లోపు. మూడు లోపు. మూడు పైన.
మూడో గడిలో టిక్కు పెట్టాను.
అంతే పట్టింది అందులో.

మసేరులో కంప్యూటరు
ఆ టిక్కును వేల టిక్కుల్లో కలిపి మెదిపింది.
టీ తాగుతూ ఎవరో అడిగారు, "సరే, వాళ్ళకేం చెబుదాం?"
సర్క్యులర్ వెళ్ళింది:
ప్రశ్నానంతరం ఉపాధ్యాయులు మూడు సెకన్లు వేచియుండవలెను.
వేచియున్నారు.
వేళ్ళు మడిచి లెక్కపెట్టారు,
పిల్లలు ప్రశ్న మాని వేళ్ళు చూశారు.
ఒక బడిలో తరగతి తరగతంతా గొంతెత్తి
ఒకటీ రెండూ మూడూ అని పాడింది,
ఆ తర్వాత టీచరు జవాబు చెప్పేసింది.

సమీక్షలో లేచి మొఖేథి సంగతి చెప్పాను.
"ఒక్క పిల్లాడు ఆధారం కాడమ్మా,"
అన్నాడు లెక్కల పెద్దమనిషి, మెల్లగానే.
నిజం. నాకూ తెలుసు, నేనూ ఆ చదువే చదివాను.
"పిల్లాడు కాదండీ, గడి," అన్నాను.
"పదకొండుని రాయడానికి చోటే లేకపోతే
పదకొండు లేదనే తేలుతుంది కదా?"

ఆరు సమావేశాలు. ఒక చలికాలం గడిచింది.
టిక్కుల చోట ఇప్పుడొక ఖాళీ గీత ఉంది, సంఖ్య రాయడానికి.
పక్కన ఇంకో గీత: మాట్లాడిందెవరు?
రాసిన కాగితం వారం రోజులు టీచరు దగ్గరే ఉంటుంది,
తర్వాతే కొండ దిగుతుంది.
సర్క్యులర్ మాత్రం ఇంకా రద్దు కాలేదు.
మొఖేథి ఈ ఏడు బడికి రాలేదు,
ఎగువ మేతకు వెళ్ళాడన్నారు.

మొన్న మాలినేఓ నా మెళ్ళో వాచీ తీసుకుంది.
"ఇవాళ నువ్వడుగు. నేను కొలుస్తాను."
అడిగాను. అరవై ముఖాలు.
నాలుగో సెకనుకే నాలుక దురద పెట్టింది,
జవాబు పంటిదాకా వచ్చింది.
కాపాడమన్నట్టు వెనక బల్ల వైపు చూశాను.
ఆమె వాచీని చూడటం లేదు,
నన్నే చూస్తోంది.