ఒక్క దెబ్బకే

ఐతారం పొద్దుగాల
నయీంనగర్ నాలా పక్కన
ఓదెలు షెడ్డు షట్టరు సగమే లేస్తది.
కోళ్ల గూట్లెకు దూరినట్టు
వంగి పోవాలె లోపటికి.
వంగుడు మరిస్తే నెత్తి మీద ఠంగుమంటది.

యాకూబ్ చెయినును గాసునూనెల నానవెట్టిండు.
అరిగిన పండ్ల బ్రష్షుతోని ఒక్కొక్క లింకు తోముతాంటే
పోయిన వారం ఎర్రమట్టి
బకెట్ల అడుక్కు మెల్లగ దిగుతాంది.
నవనీత ఏర్ ఫిల్టరు పిండుతాంది.
"మెలివెట్టకు, చినుగుతది. వొత్తు" అంటడు ఓదెలు
ఇటు చూడకుంటనే.

రెండేండ్ల కింద మోకాలి గార్డులు
ముగ్గురికి ఒక్క జతే.
ఎడమది యాకూబుకు, కుడిది నవనీతకు,
నాకు మా అమ్మ మొక్కులు.
ఎటు దిక్కు పడాల్నో ముందుగాలే ఒప్పందం చేసుకునేది.
ఓదెలు చూసి నవ్వలే.
మల్ల ఐతారానికి
ఎవలియి వాళ్లు కొనుక్కున్నం, చిట్టి ఎత్తి.

ఇయ్యాల నేను సంచిలకెళ్లి హెల్మెట్టు తీసిన.
మూడు వేల ఐదు వందలు, సెకండ్ హ్యాండు.
మొన్న ఎల్కతుర్తి అవుతల, బందువడ్డ గ్రానైటు క్వారీల
ముందటి చక్రం జారి
తలకాయి బండకు తాకిన జాగల
ఎంటికంత గీత.
ఎమ్‌సీల్ పిసికి పూసిన,
మీద నల్ల స్టిక్కరేసిన.
కానరాదనుకున్న.

ఓదెలు బొటనవేలు
స్టిక్కరు మీదికి వచ్చి ఆగింది.
గోరుతోని గీరిండు.
తిట్టలే. అడుగలే.
వైసుల బిగించి హాక్సా అందుకున్నడు.

"అరేయ్, అది నాదిరా!"
"నీదే. దాని పని అయిపోయింది."

కర్ కర్ కర్.
తెల్లటి థర్మకోలు పొడి
గ్రీసు చేతులకు అంటుకుంటాంది.
రెండు చెక్కలైనంక
లోపటి దిక్కు తిప్పి చూపెట్టిండు.
రూపాయి బిళ్లంత జాగ అణిగి ఉన్నది,
అటుకు మీద వేలు గుచ్చినట్టు.
"గా గుంత నీ తలకాయిల వడాల్సింది.
ఇది ఒక్క దెబ్బ సామాను. తిన్నది, సచ్చింది.
సచ్చినదాన్ని మల్ల ఉరికిస్తవా?"

ఓదెలు ఎడమ మోచెయ్యి నిటారుగ సాగదు.
రెంచిని భుజంతోని తిప్పుతడు.
ఎందుకో
మేమెన్నడు అడుగలే.

ఆ పూట క్వారీల నేను బండెక్కలే.
డ్రిల్లు బొక్కలు వడ్డ రాయి మీద కూసొని
దుమ్ముల వాళ్లను చూద్దామంటే
దుమ్ము తప్ప ఏం కనవడలే.
ఇగ చెవులే దిక్కు.

గుటగుట మింగినట్టు పోయేది నవనీత.
ఎత్తు మీద గేరు దించకుండ సతాయిస్తది.
సన్నగ ఈల లెక్క ఓదెలు.
యాకూబుది ఎప్పటి లెక్కనే,
మధ్యల మాత్రం
టిక్.
మల్లొక సుట్టు తిరిగొచ్చినంక, టిక్ టిక్.

లేసి తువ్వాల ఊపిన.
చెయిను క్లిప్పు సగం ఊడి ఉన్నది.
కింద ఇరువై అడుగుల గుంత, నిండ ఆకుపచ్చటి నీళ్లు.
యాకూబ్ గ్లౌజు తీసి
క్లిప్పును అరచేతిల వట్టుకొని
శానసేపు ఏం మాట్లాడలే.
ఓదెలు నా దిక్కు నీళ్ల సీసా ఇసిరిండు.
అంతే.

మల్ల ఐతారం.
హెల్మెట్టు సగం చెక్కల పది నంబరు బోల్టులు.
రెండో చెక్క ఏదని నేనడుగలే.
వంగుడు మరిచి షెడ్డులకు వోతాంటే
నెత్తి తాకింది షట్టరుకు,
మెత్తగ.
తీగతోని కట్టిండు,
గుంతవడ్డ దిక్కు కిందికి వెట్టి.

"ఒక్క దెబ్బకే అన్నవుగదరా!"
"గిది దెబ్బనా" అన్నడు
పానలు ఏరుకుంట.

కొత్తదానికి ఇంక పద్నాలుగు వందలు తక్కువున్నయి.
అందాక చెవులతోనే నడుపుతాన్న.