పదిహేడో మడి

ఆర్డెన్‌బీలో రైలు కట్ట వెనక
కౌన్సిలు అద్దెకిచ్చే ఇరవై రెండు మడులు.
పదిహేడోది ఇప్పుడు గొయ్యి.
తెల్ల ముసుగుల మనుషులొచ్చి
మోకాలి లోతు తవ్వి, మట్టిని పీపాల్లో పోసి, సీళ్ళు వేసి
లారీలో తీసుకుపోయారు.
చిక్కుడు పందిరి పోయింది. బీట్‌రూట్లు పోయాయి.
కంచె ఇవతల పదహారోది, నాది, మిగిలింది గానీ
పండింది తినొద్దని కాగితం అంటించారు.

తొదొర్, రైనా.
అవి వాళ్ళ పేర్లే కావని పేపర్లో చదివాం.
మాకు ఆయన గడియారాలు బాగుచేసే ముసలాయన,
ఆమె సీసాల్లో పెరుగు పంచిపెట్టే ముసలామె.
ఇద్దరికీ ఒకటే జత తొడుగులు:
కుడిచేతిది ఆమెకి, ఎడమచేతిది ఆయనకి.
కలుపు తీస్తుంటే
రెండు వీపులున్న ఒకే మనిషిలా ఉండేవాళ్ళు.
విషం ఆ తొడుగుల్లోనే పెట్టారట.
ఆమె మూడోరోజున పోయింది.
ఆయన కళ్ళు తెరిచాడు, మాట రాలేదు.

శనివారం, టీ షెడ్డులో పంచాయితీ.

"వాళ్ళ దేశమే," అంది ఎనిడ్, కెటిల్ మూత నొక్కిపట్టి,
"తిన్నవాడు ఊరు మారిస్తే
ఉప్పే వెతుక్కుంటూ వస్తుంది."

"మనవాళ్ళే," అన్నాడు హ్యూ,
"వాళ్ళమీదకి తోయడానికి. లేకపోతే
రెండ్రోజుల్లో ఎవరో ఎలా తేల్చారు?
మా వీధి దీపం పోయిందని తెలుసుకోడానికి
ఏడు నెలలు పట్టిందే వీళ్ళకి!"

చంటిదాన్ని చంకనేసుకున్న ఫిలిప్పా
ఎవరి మాటా వినలేదు.
పేరు మార్చి మా మధ్య నాటినవాళ్ళదే తప్పంది.
పాప ఆ కంచె పట్టుకునే నడక నేర్చిందట.

బస్సు నడిపి రిటైరైన గార్ఫీల్డ్
చాలాసేపు బిస్కట్ ముంచుతూ కూర్చుని
"వీళ్ళూ ఎవరినో అమ్మినవాళ్ళే కదా," అన్నాడు.
"ఆ అమ్ముడుపోయినవాళ్ళకి
ఇలాంటి మడి ఒకటి ఉండేదేమో ఎక్కడో."
బిస్కట్ విరిగి టీలో పడింది.

తిలాపాపం తలా పిడికెడంటారు.
అందరి గోళ్ళలోనూ మట్టి ఉంది.

"అది సరే," అంది ఎనిడ్, "మడులకి నంబర్లు కూడా లేవే.
వాళ్ళది ఇదని వాడికి ఎవరు చూపించారు?"

ఆ ఏడు గుమ్మడి పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.
భుజాలు తడుముకున్నాను,
నిజంగానే, చేత్తో.

జూన్ చివర్లో వచ్చాడతను.
ఇస్త్రీ చొక్కా, మట్టి తెలియని బూట్లు.
నా గుమ్మడి పూత బాగుందన్నాడు.
"పెరుగు చేసే ఆమె మడి ఎక్కడండీ?"
ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాను.
ఇంటి నంబరు లేని కవర్లు, వానకి అలికిపోయిన పేర్లు,
ఒక్కటీ వెనక్కి పంపలేదు.
చిరునామా అడిగితే
నోటికన్నా ముందు నా వేలు లేస్తుంది.
రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

పోలీసులు అడిగారు: వింతగా ఏదైనా చూశారా?
లేదన్నాను.
దారి అడగడం వింతా?

ఆగస్టు చివర తొదొర్‌ని తీసుకొచ్చారు,
చక్రాల కుర్చీలో, గొయ్యి అంచుదాకా.
పంచాయితీ అంతా షెడ్డులోంచి బయటికొచ్చింది.
ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు.
ఎడమచెయ్యి, కట్టు ఇంకా విప్పలేదు,
మెల్లగా పైకి లేచింది.
హ్యూ కూడా ఊపిరి బిగపట్టాడు:
ఇప్పుడు తెలుస్తుంది.

కంచె దాటి ఆ గోతిలోకి పాకిన
నా గుమ్మడి తీగ ఒకటి ఎండకి వాడి వేలాడుతోంది.
ఆ వేలు దానివైపో,
దాని వెనక నిలబడ్డ నా వైపో.

నీళ్ళ డబ్బా కోసం వెళ్ళాను.
పంపు దగ్గర చాలాసేపు ఉన్నాను,
నిండి పొర్లుతున్నా.