దేశం అనే గడి

ఓడ బొగ్గు నింపుకునేదాకా రెండు రోజులు
హార్బరు షెడ్డులో నూట పద్నాలుగు మంది.
యుద్ధం అయిపోయింది, ఇళ్ళకు పంపుతున్నారు.
పేర్లు రాయడం నా పని.

"అరాయ్" అని చదివాను. ఎవరూ లేవలేదు.
మళ్ళీ చదివితే ఒకడు లేచి, నా పెన్సిలు తీసుకుని
సిమెంటు బస్తా కాగితం మీద గీశాడు:
కొమ్ముల పెట్టె, పక్కన పుల్ల, కింద కొక్కెం.
"పాక్" అన్నాడు గుండె తట్టుకుని. "పాక్ చున్‌సిక్."
నాకు 'పాక' అని వినిపించింది,
ఎనిమిదేళ్ళుగా ఇల్లు చూడనివాడి నోట.

కళాసీ గవిరయ్య దూరంగా నిలబడ్డాడు.
నలభై రెండులో బాంబు పడ్డప్పుడు
అతని తమ్ముడు ఈ జెట్టీ మీదే మూటలు మోస్తున్నాడు.
"ఆళ్ళేనా బాబూ?"
"కాదు. ఆళ్ళ కోటు తొడిగించుకున్నోళ్ళు."
"బాంబుకి కోటేటి, మనిషేటి" అని ఉమ్మేసి పోయాడు.
సందేళ చోడంబలి కుండతో వచ్చి
ఎవరి మొహమూ చూడకుండా పోశాడు.

'దేశం' గడిలో జపాన్ కొట్టేశాను.
బదులేం రాయాలో దొరగారి కాగితంలో లేదు.
పాక్ వంగి, నా చొక్కా బొత్తం మీది కిరీటాన్ని
వేలితో ముట్టి చూశాడు.
ఏమీ అడగలేదు.

ఓడ యారాడ కొండ దాటింది.
గడి ఖాళీగానే ఉంది.
బొత్తం తెంపలేదు నేను.
జీతానికింకా వారం ఉంది.